నెలకు రూ. 51,000 ఖర్చున్న ఇంటికి ఏ క్యాష్‌బ్యాక్ కార్డు సరిపోతుంది?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు మియాపూర్‌లో అద్దెకు ఉంటున్నారు. నెల ఖర్చు ఇలా రాశారు: అద్దె 19,000, సూపర్‌మార్కెట్ సరుకులు 9,000, వీధి చివరి కిరాణా, రైతుబజారు కలిపి 4,000, అమెజాన్‌లో 4,000, మిగతా ఆన్‌లైన్ కొనుగోళ్లు 2,000, స్విగ్గీ, జొమాటో 4,000, పెట్రోలు 5,000, కరెంటు, గ్యాస్ 2,500, ఎయిర్‌టెల్ ఇంటర్నెట్, ఫోన్లు 1,500. మొత్తం 51,000. ఇవి కాక ఏడాదికి పాప బడి ఫీజు 90,000, బీమా ప్రీమియం 38,000. అమెజాన్ ప్రైమ్ సభ్యత్వం ఎలాగూ ఉంది. ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్, అమెజాన్ పే ఐసీఐసీఐ, ఎయిర్‌టెల్ యాక్సిస్ కార్డులు మూడూ తీసుకుని, ఏ ఖర్చుకు ఆ కార్డు వాడితే ఎక్కువ మిగులుతుంది కదా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, మీకు రెండు కార్డులు చాలు: అమెజాన్ పే ఐసీఐసీఐ, ఎయిర్‌టెల్ యాక్సిస్. అందరూ మొదట సూచించే ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ మంచి కార్డే అయినా, మీ పద్దుకు అది మూడో కార్డుగా వస్తే లాభం కంటే రుసుమే ఎక్కువవుతుంది. ఆ లెక్క కింద వివరంగా ఇస్తాను. నేను పదకొండేళ్లు ఒక ప్రైవేటు బ్యాంకు కార్డుల విభాగంలో ఖాతాదారుల ఫిర్యాదులు చూశాను, ఇప్పుడు నల్లకుంటలో కూర్చుని చిన్న వ్యాపారుల లెక్కలు, పన్నులు చూసుకుంటున్నాను. కాబట్టి కార్డు గీసే మనిషి వైపు నుంచీ, ఆ గీతను అందుకునే కొట్టు వైపు నుంచీ ఈ వ్యవహారం నాకు తెలుసు.

మొదట చేయవలసిన పని, మీ 51,000లో క్యాష్‌బ్యాక్‌కు అసలు అర్హత లేని ఖర్చును పక్కన పెట్టడం. ఇంటి యజమానికి యూపీఐలో పంపే 19,000 పక్కకు పోతుంది. కార్డుతో అద్దె కట్టించే సేవలు కొంతకాలం బాగా నడిచాయి కానీ, చాలా బ్యాంకులు అద్దె మీద 1 శాతం రుసుము పెట్టి, రివార్డు కూడా తీసేశాయి. పెట్రోలు 5,000 కూడా పక్కకే. రైతుబజారులో, చిన్న కిరాణాలో పెట్టే 4,000 సాధారణంగా యూపీఐ ఖర్చే. బడి ఫీజు, బీమా చాలా క్యాష్‌బ్యాక్ కార్డుల మినహాయింపుల జాబితాలో ఉంటాయి. ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డు నిబంధనల్లో అద్దె, ఇంధనం, వాలెట్‌లో డబ్బు నింపడం, బీమా, విద్యాసంస్థల ఫీజులు, కరెంటు వంటి వినియోగ బిల్లులు, నగలు, రైల్వే టికెట్లు, ఈఎంఐలు అన్నీ మినహాయింపులే. ప్రకటనలో "ఆన్‌లైన్‌లో ఎక్కడైనా 5 శాతం" అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది, ఈ జాబితా మాత్రం నిబంధనల పత్రంలో ఎక్కడో లోపలి పేజీలో ఉంటుంది. నేను కొత్త కార్డు చూసేటప్పుడు ఆ పత్రాన్ని వెనుక నుంచి ముందుకు చదువుతాను.

ఇప్పుడు ఒక్క ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డే తీసుకున్నారనుకుందాం. అమెజాన్, ఇతర ఆన్‌లైన్, తిండి ఆర్డర్లు కలిపి నెలకు 10,000. దాని మీద 5 శాతం అంటే 500. సూపర్‌మార్కెట్‌లో కార్డు గీస్తే 9,000 మీద 1 శాతం, అంటే 90. నెలకు 590, ఏడాదికి 7,080. మీ ఏడాది మొత్తం ఖర్చు, బడి ఫీజు, బీమా కలుపుకుని, 7,40,000. అంటే పేరుకు 5 శాతం కార్డు మీ ఇంటికి ఇచ్చేది 1 శాతం కంటే తక్కువ. ఇందులో మోసమేమీ లేదు, మీ ఖర్చులో ఆ కార్డు ముట్టుకోగలిగే భాగమే అంత.

అదే అమెజాన్ పే ఐసీఐసీఐ, ఎయిర్‌టెల్ యాక్సిస్ కలిపి వాడితే లెక్క మారుతుంది. అమెజాన్ పే ఐసీఐసీఐ 2018లో వచ్చింది. దానికి చేరిక రుసుము గానీ, వార్షిక రుసుము గానీ లేవు. అమెజాన్ కొనుగోళ్ల మీద ప్రైమ్ సభ్యులకు 5 శాతం, కానివారికి 3 శాతం, చాలా ఇతర ఖర్చుల మీద 1 శాతం. మీ 4,000 మీద 200, ఇతర ఆన్‌లైన్ 2,000 మీద 20, సూపర్‌మార్కెట్ 9,000 మీద 90, మొత్తం 310. ఎయిర్‌టెల్ యాక్సిస్ విషయంలో, నేను లెక్క వేసుకున్న నిబంధనల ప్రకారం, ఎయిర్‌టెల్ థ్యాంక్స్ యాప్ ద్వారా కట్టే ఎయిర్‌టెల్ బిల్లుల మీద 25 శాతం, నెలకు 250 దాకా. అదే యాప్‌లో కట్టే కరెంటు, గ్యాస్ వంటి బిల్లుల మీద 10 శాతం, అదీ 250 దాకా. స్విగ్గీ, జొమాటో, బిగ్‌బాస్కెట్ మీద 10 శాతం, 500 దాకా. మీ 1,500 ఎయిర్‌టెల్ బిల్లు మీద 25 శాతం 375 అవుతుంది కానీ పరిమితి వల్ల 250 వస్తుంది. కరెంటు, గ్యాస్ 2,500 మీద 250. తిండి 4,000 మీద 400. మొత్తం 900.

రెండూ కలిపితే నెలకు 1,210, ఏడాదికి 14,520. ఎయిర్‌టెల్ యాక్సిస్ వార్షిక రుసుము 500, దాని మీద 18 శాతం జీఎస్‌టీ కలిపి 590 తీసేస్తే 13,930 మిగులుతుంది. ఒక్క ఎస్‌బీఐ కార్డుతో వచ్చేదానికి ఇది దాదాపు రెట్టింపు. అయినా మీ మొత్తం ఖర్చులో 2 శాతానికి కాస్త తక్కువే. ఎవరైనా తమ ఇంటి ఖర్చంతటి మీద 5 శాతం వెనక్కి తెచ్చుకుంటున్నామని చెబితే, వారు అద్దె, బడి ఫీజు లెక్కలో పెట్టలేదని అర్థం చేసుకోండి.

ఇక మూడో కార్డు సంగతి. ఈ రెండింటికీ తోడుగా ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కూడా తీసుకుంటే దానికి మిగిలే పని, అమెజాన్ కాని ఆన్‌లైన్ కొనుగోళ్లు 2,000 మాత్రమే. అక్కడ 20కి బదులు 100 వస్తుంది. నెలకు 80 అదనం, ఏడాదికి 960. ఆ కార్డు వార్షిక రుసుము 999, జీఎస్‌టీతో 1,179 దాకా అవుతుంది. ఏడాదికి 2 లక్షలు ఖర్చు చేస్తే రుసుము వెనక్కి ఇస్తారు గానీ, నెలకు 2,000 గీసే కార్డు మీద ఆ మొత్తం ఎప్పటికీ చేరదు. ఖర్చును ఎక్కువ కార్డులకు పంచినకొద్దీ, రుసుము మాఫీ కావడానికి కావలసిన మొత్తం ఏ కార్డు మీదా చేరకుండా పోతుంది. ఈ నష్టం ఏ పోలిక పట్టికలోనూ కనిపించదు. ఎయిర్‌టెల్ యాక్సిస్ మీద కూడా మీరు ఏడాదికి 96,000 మాత్రమే పెడతారు కాబట్టి, దాని 590 ప్రతి ఏడాదీ కట్టవలసిందేనని ముందే లెక్కలో వేసుకున్నాను.

అయితే ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ ఎవరికి బాగుంటుంది అంటే, విమాన టికెట్లు, దుస్తులు, మందులు, ఇంటి సామాను వంటివి రకరకాల వెబ్‌సైట్లలో కొనేవారికి బాగుంటుంది. మా బంధువుల్లో ఒకావిడ కొండాపూర్‌లో చిన్న కుట్టుపని యూనిట్ నడుపుతారు. బటన్లు, జిప్పులు, లైనింగ్ గుడ్డ నెలకు 30,000 దాకా ఏవేవో వెబ్‌సైట్ల నుంచి తెప్పిస్తారు. ఆవిడకు ఒక కంపెనీకి కట్టుబడిన కార్డు దండగ, ఈ కార్డే సరి. వచ్చిన డబ్బు బిల్లు తయారైన రెండు రోజుల్లో తనంతట తానే కార్డు ఖాతాలో జమ అవుతుంది, ఏ పాయింట్లూ మార్చుకోనక్కర్లేదు. కానీ ఒక విషయం గుర్తు పెట్టుకోవాలి: ఈ కార్డు 2022లో వచ్చినప్పుడు నెలకు 10,000 దాకా క్యాష్‌బ్యాక్ ఇచ్చేది. 2023 మే నుంచి ఆ గరిష్ఠ పరిమితిని 5,000కు తగ్గించారు. ఏ కార్డూ వచ్చినప్పుడున్నంత ధారాళంగా రెండేళ్ల తరవాత ఉండదు. అందుకే నేను పైన ఇచ్చిన శాతాలను కూడా, దరఖాస్తు చేసే రోజున బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉన్న తాజా నిబంధనల పత్రంతో సరిచూసుకోండి. అంకెలు మారినా లెక్క వేసే పద్ధతి మారదు.

ఆ పద్ధతిలో అసలు కీలకం గరిష్ఠ పరిమితి. శాతాన్ని చూసినంత ఆసక్తిగా దీన్ని ఎవరూ చూడరు. పరిమితిని శాతంతో భాగించి, దాన్ని ఖర్చుగా మార్చి చూడండి. తిండి మీద 10 శాతం, 500 దాకా అంటే, 5,000 ఖర్చు దాకానే ఆ 10 శాతం నిజం. మీరు 4,000 పెడుతున్నారు కాబట్టి మీకు పూర్తిగా వర్తిస్తుంది. మీ పక్క ఫ్లాట్‌లో నలుగురు కుర్రాళ్లు కలిసి ఉంటూ నెలకు 16,000 ఆర్డర్లు పెడితే, వారికి అదే 500 వస్తుంది, అంటే 3 శాతం చిల్లర. అలాంటివారికి స్విగ్గీ పేరుతో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 2023లో తెచ్చిన కార్డు మేలు, అక్కడ పరిమితి ఇంకా పైన ఉంది. అలాగే ఏప్రిల్, మే నెలల్లో ఏసీలు తిరిగి మీ కరెంటు బిల్లు ఒక్కటే 4,000 అయితే, పైన పడిన మొత్తానికి ఏమీ రాదు. పరిమితి లెక్కించే నెల క్యాలెండర్ నెలా, బిల్లు నుంచి బిల్లు దాకా ఉండే నెలా అన్నది కూడా చూసుకోండి. బిల్లు 18న తయారయ్యే కార్డు మీద 16న ఒక కరెంటు బిల్లు, 20న మరొకటి కడితే అవి వేర్వేరు నెలల్లో పడవచ్చు, లేదా ఒకే నెలలో పడి రెండోది వృథా కావచ్చు.

పరిమితి మనిషిని మరో రకంగానూ పట్టుకుంటుంది. నాతో పనిచేసిన ఒకాయన నెలాఖరు రాగానే యాప్ తెరిచి, ఇంకా 700 రూపాయల ఆర్డరుకు క్యాష్‌బ్యాక్ మిగిలి ఉందని ఇంటికి బిర్యానీ తెప్పించేవారు. 70 రూపాయల కోసం 700 పెట్టడం అన్నమాట. ఆయన మంచి లెక్కల మనిషి కూడానూ.

ఇప్పుడు కేటగిరీల సంగతికి వస్తాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో సగం పైగా ఇవే. "కిరాణా మీద 10 శాతం" అని కార్డులో ఉంటే, మనం కొన్నది కందిపప్పా కాదా అన్నది బ్యాంకు చూడదు, చూడలేదు కూడా. కొట్టు కార్డు మెషీను తీసుకున్నప్పుడు ఆ కొట్టుకు ఒక నాలుగంకెల వ్యాపార కోడ్ కేటాయిస్తారు. సూపర్‌మార్కెట్లు, కిరాణాలకు 5411, హోటళ్లకు 5812, పెట్రోలు బంకులకు 5541, మందుల దుకాణాలకు 5912, బడులకు 8211, నగల దుకాణాలకు 5944. బ్యాంకు కంప్యూటరుకు కనిపించేది ఆ కోడ్ ఒక్కటే.

మా వీధిలో ఒక బియ్యం, పప్పుల దుకాణం ఉంది. కిరాణా మీద ఎక్కువ ఇచ్చే కార్డు ఒకటి నా దగ్గర ఉన్న రోజుల్లో, అక్కడ రెండు బస్తాల సోనా మసూరి, నూనె డబ్బా కొని 3,460 గీశాను. నెలాఖరున బిల్లు చూస్తే ఆ వరుసకు మామూలు చిల్లర క్యాష్‌బ్యాకే పడింది. మళ్లీ వెళ్లి కొట్టాయన ఇచ్చిన స్లిప్పు తీసి చూశాను. పైన దుకాణం పేరు "మొబైల్స్ అండ్ యాక్సెసరీస్" అని ఉంది, కింద బియ్యం వాసన వేస్తున్న వేలిముద్ర. అడిగితే నవ్వి, "అది మా పెద్దోడు సెల్‌ఫోన్ షాపు పెట్టినప్పుడు తీసుకున్న మెషీను సార్, షాపు ఎత్తేశాడు, మెషీను బాగానే పనిచేస్తోంది కదా అని ఇక్కడ పెట్టినం" అన్నాడు. బ్యాంకుకు ఫోన్ చేస్తే, మీరు ఫోన్ సామాను కొన్నట్టే మా దగ్గర నమోదైంది అన్నారు. వారి వైపు నుంచి అది నిజమే. పదకొండేళ్లు ఇతరులకు ఇదే సమాధానం చెప్పినవాణ్ని నేను, ఆ రోజు మారుమాట్లాడలేకపోయాను.

కాబట్టి కేటగిరీ కార్డు వాడేవారు ఒక చిన్న పని చేయాలి. మీరు తరచూ వెళ్లే సూపర్‌మార్కెట్‌లో మొదట ఒక 200 రూపాయల సరుకు గీసి, తరవాతి బిల్లులో దానికి ఏ లెక్కన పడిందో చూసుకుని, ఆ తరవాతే నెల సరుకులకు వాడండి. కోడ్ బిల్లులో అచ్చు కాదు, కస్టమర్ కేర్‌కు ఆ లావాదేవీ చెప్పి అడిగితే చెబుతారు. స్వీట్ల దుకాణం హోటల్ కోడ్‌తోనూ, పెద్ద మాల్‌లోని సూపర్‌మార్కెట్ డిపార్ట్‌మెంటల్ స్టోర్ కోడ్‌తోనూ నడవడం చాలాసార్లు చూశాను. ఆన్‌లైన్‌లో కూడా ఇదే వ్యవహారం: స్విగ్గీలో కార్డు నంబరు నేరుగా ఇచ్చి కడితే అది తిండి ఖర్చు, అదే కార్డుతో ఏదో వాలెట్‌లో డబ్బు నింపి, ఆ వాలెట్ నుంచి స్విగ్గీకి కడితే బ్యాంకు కంటికి అది వాలెట్ లోడ్. మొదటిదానికి 10 శాతం, రెండోదానికి సున్నా, కొన్నిసార్లు పైన రుసుము కూడా.

పెట్రోలు గురించి రెండు మాటలు. "ఇంధనం మీద 1 శాతం సర్‌చార్జి మాఫీ" అన్నది క్యాష్‌బ్యాక్ కాదు. బంకులో క్రెడిట్ కార్డు గీస్తే 1 శాతం అదనంగా పడుతుంది, దాన్ని బ్యాంకు తరవాత వెనక్కి వేస్తుంది, అది కూడా ఒక్కో లావాదేవీకి కనిష్ఠ, గరిష్ఠ మొత్తాల మధ్య ఉంటేనే. ఆ సర్‌చార్జి మీద పడిన జీఎస్‌టీ మాత్రం వెనక్కి రాదు. 2,000 పెట్రోలు కొట్టిస్తే 20 పడి 20 వస్తుంది, 3 రూపాయల 60 పైసలు పోతుంది. యూపీఐలో కడితే ఆ 3.60 కూడా పోదు. పెట్రోలు కంపెనీల పేరు మీద ఉన్న కార్డులు వేరే సంగతి, కానీ నెలకు 5,000 పెట్రోలు కోసం మరో కార్డు, మరో రుసుము, మరో గడువు తేదీ పెట్టుకోమని నేను చెప్పను.

వచ్చే క్యాష్‌బ్యాక్ ఏ రూపంలో వస్తుందో కూడా చూడాలి, ఎందుకంటే అన్నింటినీ "క్యాష్" అనే పిలుస్తున్నారు. ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్, ఎయిర్‌టెల్ యాక్సిస్ కార్డుల్లో అది బిల్లులోనే తగ్గుతుంది. అమెజాన్ పే ఐసీఐసీఐలో అమెజాన్ పే బ్యాలెన్స్‌గా వస్తుంది; మీరు నెలనెలా అక్కడ కొంటారు కాబట్టి మీకు తేడా లేదు, కొనని వారికి ఉంటుంది. హెచ్‌డీఎఫ్‌సీ మిలేనియా వంటి వాటిలో క్యాష్ పాయింట్లుగా పేరుకుంటుంది, మనమే అడిగి మార్చుకోవాలి. అడగడం మరిచిపోయి పాయింట్లు కాలదోషం పట్టిన ఖాతాలు మా విభాగంలో కుప్పలుగా ఉండేవి. ఇంకొకటి, కొన్న వస్తువు వెనక్కి పంపితే దాని మీద వచ్చిన క్యాష్‌బ్యాక్ కూడా వెనక్కి పోతుంది, తరవాతి బిల్లులో మైనస్ కనబడితే కంగారు పడకండి. పండగ సేల్‌లో ఇచ్చే "10 శాతం తక్షణ తగ్గింపు" దీనికి సంబంధం లేనిది, అది ఆ పది రోజుల ఒప్పందం. ఫ్రిజ్ కొనేటప్పుడు దాన్ని వాడుకోండి, దాని కోసం కార్డు తీసుకోకండి. ప్రైమ్ సంగతి కూడా ఇలాంటిదే. మీకు అది ఎలాగూ ఉందన్నారు కాబట్టి సరే. లేనివారు 3 శాతానికి, 5 శాతానికి ఉన్న తేడా కోసమే చేరితే, 4,000 మీద నెలకు 80, ఏడాదికి 960 మాత్రమే వస్తుంది, పూర్తి ప్రైమ్ ఏడాది సభ్యత్వానికి అంతకంటే ఎక్కువ కట్టవలసి ఉంటుంది.

ఈ డబ్బు బ్యాంకుకు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే కొన్ని నిబంధనలు అర్థమవుతాయి. క్రెడిట్ కార్డు గీసిన ప్రతిసారీ కొట్టు యజమాని స్థూలంగా 2 శాతం దాకా బ్యాంకులకు వదులుకుంటాడు, మీకు ఇచ్చే 1 శాతం అందులోదే. పెట్రోలు బంకులు, ప్రభుత్వ చెల్లింపులు, బీమా, కరెంటు వంటివాటిలో బ్యాంకుకు మిగిలేది తక్కువ, అందుకే అవి మినహాయింపుల్లోకి పోతాయి. బేగంబజార్‌లో టోకు దుకాణాల్లో "కార్డైతే 2 శాతం ఎక్కువైతది" అని ముందే చెబుతారు. అక్కడ 1 శాతం క్యాష్‌బ్యాక్ కోసం కార్డు తీస్తే మనమే 1 శాతం కట్టినట్టు. బిల్లులు కట్టే యాప్‌లు కూడా కార్డుతో కట్టినప్పుడు ఐదో పదో ప్లాట్‌ఫాం రుసుము వేస్తుంటాయి; 10 శాతం వచ్చేచోట అది లెక్కలోకి రాదు, 1 శాతం వచ్చేచోట మొత్తం ఊడ్చుకుపోతుంది. (సొంత ఇల్లు ఉన్నవారికి ఒక మాట: జీహెచ్ఎంసీ ఆస్తిపన్ను ఏడాదికి సరిపడా ఏప్రిల్ నెలాఖరులోగా కడితే ఎర్లీ బర్డ్ కింద 5 శాతం తగ్గిస్తుంది. ఏ కార్డూ అక్కర్లేకుండా వచ్చే 5 శాతం అది.)

మీరు అడగలేదు గానీ, చెప్పకుండా ఉండలేని విషయం ఒకటుంది. మా తమ్ముడి వరసైన అబ్బాయి కార్డు తీసుకుని, బిల్లు దానంతట అదే కట్టుబడేలా బ్యాంకు ఖాతాకు జతచేశాడు. ఆ ఫారంలో రెండు గళ్లు ఉంటాయి, "మొత్తం బకాయి" అని ఒకటి, "కనీస బకాయి" అని ఒకటి. ముందుగానే టిక్ పడి ఉన్నది రెండోది. అతను చూసుకోలేదు. 40,000 బిల్లుకు 2,000 మాత్రమే ఖాతా నుంచి పోయింది. మిగిలిన 38,000 మీద నెలకు 3.75 శాతం చొప్పున వడ్డీ 1,425, దాని మీద జీఎస్‌టీ 256. అంటే ఒక్క నెలకే 1,681, మీకు రెండు కార్డులూ కలిసి నెలకు ఇచ్చే 1,210 కంటే ఎక్కువ. అదీగాక పాత బకాయి ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు వడ్డీలేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. అతనికి మూడో నెలలో గానీ తెలియలేదు. కార్డు వచ్చిన రోజే ఆటో పే పెట్టండి, "మొత్తం బకాయి" అన్న గడిలో టిక్ ఉందో లేదో కళ్లారా చూసుకోండి. ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే ఆలస్య రుసుము గురించి భయపడనక్కర్లేదు. రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం గడువు దాటి మూడు రోజులు మించితేనే ఆలస్య రుసుము వేయాలి.

రెండు కార్డులకూ ఒకే వారంలో దరఖాస్తు పెట్టకండి. ప్రతి దరఖాస్తూ మీ అప్పుల చరిత్ర ఉండే సిబిల్ నివేదికలో ఒక విచారణగా నమోదవుతుంది. ముందు అమెజాన్ పే ఐసీఐసీఐకి, అమెజాన్ యాప్ నుంచే పెట్టండి. మూడు నాలుగు నెలలు గడిచాక ఎయిర్‌టెల్ యాక్సిస్‌కు పెట్టండి. మాల్‌లో బల్ల వేసుకుని కూర్చున్న కుర్రాళ్ల దగ్గర మాత్రం ఏదీ తీసుకోవద్దు. కూకట్‌పల్లిలో అలాంటి ఒక బల్ల దగ్గర మా ఇంటి కింది ఫ్లాట్ ఆయనకు ఒక కార్డు "జీవితాంతం ఉచితం" అని నోటిమాటగా చెప్పి ఇచ్చారు, రెండో ఏడాది రుసుము పడింది. రాతలో ఉన్నది "మొదటి ఏడాది ఉచితం". ఆ బ్యాంకుతో రెండు నెలలు ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపి కూడా ఆయన ఏమీ రాబట్టలేకపోయారు, ఎందుకంటే సంతకం పెట్టిన కాగితం వారి వైపే ఉంది.

జీతం బ్యాంకు ఇచ్చిన మీ పాత కార్డుకు వార్షిక రుసుము ఉందన్నారు. కొత్తవి రెండూ చేతికి వచ్చాక దాన్ని మూసేయవచ్చు, లేదా రుసుము లేని రకానికి మార్చమని అడగవచ్చు. అది మీ మొదటి కార్డు అయితే నేను రెండోదే చేస్తాను, పాత ఖాతా చరిత్ర సిబిల్‌లో పనికొస్తుంది. మూయాలనుకుంటే, ముందు అందులో మిగిలిన పాయింట్లు వాడేసి, బకాయి సున్నా చేసి, నెలనెలా దాని నుంచి కట్టుబడే ఓటీటీ చందాలు, యాప్ చందాలు కొత్త కార్డుకు మార్చి, ఆ తరవాతే ఈమెయిల్‌లో మూసివేత కోరండి. బకాయి లేని కార్డును కోరిన ఏడు పనిదినాల్లో మూయాలని, మూయకపోతే ఆ తరవాత రోజుకు 500 చొప్పున ఖాతాదారుకు కట్టాలని పైన చెప్పిన రిజర్వు బ్యాంకు ఆదేశాల్లోనే ఉంది. ఫోన్‌లో చెబితే రుజువు మిగలదు కాబట్టి, ఆ ఈమెయిల్‌ను తేదీతో సహా దాచుకోండి.